నీళ్లు పడ్డ వీడియో

బోరు మోటారు పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ మొదటిరోజే ఒక మాట చెప్పేవాణ్ణి. చేతిలో క్లాంపు వదలొద్దు, నోట్లో మాట వదలొద్దు. క్లాంపు వదిలితే మోటారు, పైపులు అన్నీ కలిసి బోరు అడుగుకు దిగబడిపోతాయి. మాట వదిలితే ఏం పోతుందో వాళ్లకు అర్థమయ్యేది కాదు, నవ్వేవాళ్లు. ఇప్పుడు నా కుడి భుజం లేవదు. రెంచీ పట్టలేక అంగడి మూసేశాను. కూర్చుని రాయడం ఒక్కటే మిగిలింది గనక ఆ రెండో మాట సంగతి ఈ కాలం పిల్లల కోసం రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి. లేకపోతే వేలితో పైకి తోసేయండి, మీకు అలవాటే కదా.

నల్లమాడ చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైనే ఈ పని చేశాను. బోరు వేసేది తమిళం మాట్లాడే బండివాళ్లు. వాళ్లు వేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత మోటారు దించేది మేము, కాలిపోతే పైకి తీసేది మేము, నీళ్లు తగ్గితే ఇంకో పైపు కలిపి లోతుకు దించేదీ మేమే. ఎవరి బోరు దండిగా పోస్తుందో, ఎవరిది ఆగి ఆగి పోస్తుందో, ఎవరిది పేరుకు మాత్రమే బోరో ఊరందరికన్నా ముందు మాకు తెలిసేది. అందుకని ఒకరి బోరు సంగతి ఇంకొకరి చేనులో మాట్లాడకూడదని మా పనిలో ఒక కట్టుబాటు. ఎవరూ నేర్పలేదు, అందరం పాటించాం. బోరు ఎండిందని బయటికి పొక్కితే భూమి ధర పడిపోతుంది, అప్పిచ్చినవాడు ఇంటి ముందు కూర్చుంటాడు, కుదిరిన సంబంధం వాళ్లు మళ్లీ చెప్తామని లేచిపోతారు. మా ప్రాంతంలో ఒకాయన ఒంట్లో ఉన్న రోగం గురించి బజార్లో మాట్లాడుకున్నా ఎవరూ పట్టించుకోరు గానీ బోరు గురించి మాట్లాడితే మాత్రం కొట్లాటే.

నాకు జోడీగా పనిచేసినాయన ఒక సాయిబు. అందరూ భాయి అనేవాళ్లు, నేనూ అంతే. పైపు మీద చెయ్యి వేస్తే లోపల మోటారు నీళ్లు తాగుతుందో గాలి తాగుతుందో చెప్పేవాడు. చేతికి ఫోను వచ్చినప్పటి నుంచి ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది. తెల్లారేసరికల్లా స్టేటస్‌లో ఒక గులాబీ పువ్వు బొమ్మ, దాని కింద శుభోదయం. ఏడాది పొడుగునా అదే. నాకు ఒళ్లు మండేది.

"ఏం భాయీ, ఎవురికి ఈ పువ్వులు?" అని ఒకరోజు అడిగాను.

"ఎవురికైతే ఏమన్నా. పొద్దున్నే పువ్వు కనపడితే సాయిబు ఇంగా ఉండాడులే అనుకుంటారు. లేకుంటే మోటారు చెడినప్పుడు గదా మీరంతా నన్ను తలుచుకునేది," అన్నాడు.

పనిలేనోడి మాటలనుకుని బీడీ ముట్టించుకున్నాను. వీడియోలు పెట్టేవాళ్లంటే నాకు అప్పట్లో ఒకటే అభిప్రాయం. గొప్పలు చెప్పుకునేవాళ్లు, అంతే. ఆ అభిప్రాయం ఒక ఎండాకాలంలో పోయింది. పోయినందుకు సంతోషమేమీ లేదు.

నల్లమాడ దాటాక ఒక పల్లెలో ఒక రైతు ఉండేవాడు. వయసు నలభై దాటి ఉంటుంది. వేసిన మూడు బోర్లూ ఫెయిలు. ఒక్కొక్కటి ఫెయిలైనప్పుడల్లా మనిషి కొంచెం వంగిపోతూ వచ్చాడు. వేరుశనగ ఏడాది విడిచి ఏడాది పోయేది. నాలుగో బోరుకు ఉన్న గొర్రెలన్నీ అమ్మేశాడని విన్నాను. ఆ నాలుగోదాంట్లో నీళ్లు పడ్డాయి.

ఆ సంగతి నాకు భాయి ఫోనులో తెలిసింది. టీ అంగట్లో కూర్చుని ఉంటే ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు. బోరు నోట్లోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచి పడుతున్నాయి. ఆ రైతు చొక్కా విప్పేసి వాటి కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు, ఒళ్లంతా బురద. టీ అంగట్లో ఉన్నవాళ్లంతా మూగారు. అంగడాయన టీ మరిగిపోతున్నా చూసుకోలేదు. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అని చూశారు. నేనూ చూశాను. మా ఊళ్లలో నీళ్లు పైకి లేవడం కంటే అందమైన దృశ్యం లేదు, ఎవరేమన్నా సరే. ఆ వీడియో ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో, మడకశిర వైపు చుట్టాల నుంచి మళ్లీ నాకే వచ్చింది.

మరుసటి రోజు మోటారు దించింది మేమే. స్టార్టరు నొక్కగానే పైపు నిండుగా పోసింది. ఊరంతా అక్కడే ఉంది. అతను దానికీ వీడియో తీశాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఒక వీడియో. పైపు కింద చేతులు కడుక్కోవడం, పైపు కింద టమాటా నారు తడపడం, పైపు పక్కన నిలబడి 'నమస్కారం రైతన్నలారా' అనడం. ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకునేవాళ్లు.

నెల తిరక్కుండానే అతను నాకు ఫోను చేశాడు. మోటారు చప్పుడు తేడాగా ఉంది, వచ్చి చూడమన్నాడు. వెళ్లాం. భాయి పైపు మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. గాలి. ఉన్న పైపులకు ఇంకో రెండు కలిపి దించాం. కొంచెం బురద నీళ్లు పోసి ఆగిపోయింది. రాతి నెర్రెల్లో ఏ కాలం నాటివో నిలిచిన నీళ్లు ఉంటాయి. బోరు తగలగానే ఆకాశానికి లేస్తాయి, తోడేకొద్దీ అయిపోతాయి. వెనక నుంచి ఊట రాదు. అతనికి ఆ మాటే చెప్పాను. అరటిపండు వలిచినట్టు చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని, "ఎవురికీ చెప్పద్దన్నా," అన్నాడు.

"మేము చెప్పం. నీకు తెలుసు గదా," అన్నాను.

ఇలాంటివి మాకు కొత్త కాదు, కానీ తాటిచెట్టంత లేచిన నీళ్లను చూసినవాళ్లం కదా, ఇద్దరికీ మనసు పాడైంది.

వింత ఏమిటంటే, ఆ తర్వాత కూడా వీడియోలు ఆగలేదు. పొద్దున్నే భాయి గులాబీ, దాని వెనకే అతని నీళ్లు. పైపు నిండుగా పోస్తూనే ఉంది. మళ్లీ ఊట తగిలిందేమో, దేవుడు కరుణించాడేమో అనుకున్నాం. అటు వైపు పని పడిన ఒక రోజు నేను అతని చేను మీదుగా వెళ్లాను. బోరు పక్కన సిమెంటు తొట్టి, తొట్టి పక్కన నీళ్ల ట్యాంకరు. ట్యాంకరు నీళ్లు తొట్టిలోకి వదిలి, తొట్టిలో ఒక చిన్న మోటారు పెట్టి, ఆ నీళ్లనే బోరు పైపులోకి ఎక్కిస్తున్నాడు. అవి పైపులోంచి మళ్లీ తొట్టిలోనే పడుతున్నాయి. అవే నీళ్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక చేత్తో ఫోను పట్టుకుని, తొట్టి కనపడకుండా పైపు మాత్రమే వచ్చేలా వంగి తీస్తున్నాడు. నన్ను చూసి ఫోను కిందికి దించాడు.

"ఏమప్పా ఇది?"

"తొట్టి కడుగుతాండా అన్నా."

"తొట్టి కడగనీకి ట్యాంకరు పిలిపిచ్చినావా?"

అతను చిన్న మోటారు ఆపేసి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. తాగడానికి నీళ్లు లేక ఆడవాళ్లు ట్యాంకరు వెనక పరుగెత్తే ఎండాకాలం అది.

"ఎవురి కోసమప్పా ఈ నాటకం? ఈ వీడియోలు పెట్టకుంటే నీకు అన్నం అరగదా?" అన్నాను.

"నువ్వు గూడా అట్లే అంటావా," అని తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. "మూడు బోర్లు పోయినప్పుడు నా గడప ఒక్కరన్నా తొక్కినారా అన్నా? ఒక పెండ్లికి పోయింటి. బువ్వకాడ నా పక్కన కూర్చున్నోడు లేసి ఇంగో వరుసలోకి పోయినాడు, యాడ అప్పు అడుగుతానో అని. అప్పుడు గూడా పెట్టినా వీడియోలు. ఎండిన చేను చూపిచ్చినా, వాడిన చెట్టు చూపిచ్చినా. ఒక్కరూ చూడలే. నీళ్లు పడిన వీడియో పెట్టినా చూడు, మా అన్న ఫోన్ చేసినాడు అనంతపురం నుంచి. నాయన పోయినాంక భాగాల కాడ మాటామాటా అయి, మళ్లా నా మొగం చూడని మనిషి. 'చూసినాన్రా తమ్ముడూ' అన్న్యాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినాది. ఇప్పుడు దినామూ చేస్తాడు. వీడియో రోంత లేటయితే 'ఏమిరా ఈ పొద్దు నీళ్లు చూపీలేదే' అంటాడు."

"అయితే ఆయనకే చెప్పు నిజం. నీ అన్నే గదా. తమ్ముడు కాకుండా పోతావా?"

"నీళ్లున్న తమ్ముడు వేరే అన్నా," అన్నాడు.

దారికి అడ్డంగా ఉన్న ట్యాంకరును పక్కకు తియ్యమని దాని డ్రైవరు మీద కేకలేసి అక్కడి నుంచి వచ్చేశాను. అతని మీద కోపం పోలేదు. కానీ ఆ కోపానికి అంతకుముందున్న బలం లేదు.

ఇంతవరకూ అయితే ఇది ఒక మనిషి పిచ్చి. అతని తొట్టి, అతని నీళ్లు. కానీ ఆ వీడియోలు చూస్తున్నవాళ్లలో పక్క చేనువాళ్లు కూడా ఉంటారని అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

అతని చేనుకు రెండు చేన్ల అవతల ఒకామె చీనీ తోట ఉంది, బయటివాళ్లు బత్తాయి అంటారు. భర్త లారీ మీద దేశం తిరుగుతుంటాడు, నెలకో రోజు ఇంట్లో ఉంటే గొప్ప. సేద్యమంతా ఆమే. చెట్లను బిడ్డల్లా పెంచిందని అందరూ అనేమాట రాయడం నాకు నచ్చదు. ఆమె వాటిని అప్పులోళ్లలాగా చూసేది, పొద్దున లేచి వాటి ముందు నిలబడి ఈ పొద్దు ఏం పెట్టాలో అని లెక్కలు వేసేది. ఆ ఏడాదే మొదటిసారి కాపు నిలబడింది. నిమ్మకాయంత పిందెలు కొమ్మ కొమ్మకూ ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆమె పాత బోరు తగ్గింది. మోటారు చూడమని నాకు కబురు పెట్టింది.

చూశాను. రోజుకు కాసేపు పోస్తుంది, ఆ తర్వాత గాలి. వానలు పడేదాకా తోట బతకాలంటే ట్యాంకరు నీళ్లు తోలాల్సిందే. ఆ మాటే చెప్పాను.

"ట్యాంకర్లు వద్దులే అన్నా. పాడావులు రెండూ అమ్మేసినా. ఆ దుడ్లతో కొత్త బోరు వేపిస్తా," అంది. "ఆయప్ప బోర్లో చూడు ఎట్ల పోస్తాండాదో. రెండు చేన్ల అవతలే గదా. ఆ వరుసలోనే పాయింటు చూపిచ్చినా. టెంకాయ నిట్టనిలువుగా లేసి నిలబడినాది పాయింటు చూసేటాయన చేతిలో."

ఆవులు అమ్మిన డబ్బు ఒక్కసారికే వస్తుంది. దాంతో ఎండాకాలమంతా ట్యాంకర్లు తోలి చెట్లను దాటించొచ్చు, లేదా ఒక బోరు వేయించొచ్చు. రెండూ కుదరవు. బోరు పోతే తోట పోయినట్టే. ఆమె ముందు నిలబడి రెంచీ తుడుచుకుంటూ చాలాసేపు గడిపాను. ఈ పని మొదలుపెట్టిన నాటి నుంచి ఒకరి బోరు సంగతి ఇంకొకరికి చెప్పలేదు. మా నాయన అడిగినా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"ఆ బోర్లో నీళ్లు లేవమ్మా. ఎండి శానా దినాలయింది."

ఆమె నా మొహం చూసింది. కొంగు కొసన ముడేసుకున్న ఫోను తీసి నాకు చూపించింది. ఆ పొద్దున పెట్టిన వీడియో. పైపు నిండా నీళ్లు.

"ఇది ఏమి మరి? ఇవి నీళ్లు కాదా?"

"నీళ్లే. బోరు నీళ్లు కాదు. ట్యాంకరువి."

"ట్యాంకరు నీళ్లు పైపులోనుంచి ఎట్ల వస్తాయన్నా?"

తొట్టి సంగతి, చిన్న మోటారు సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎండాకాలంలో దుడ్లు పెట్టి నీళ్లు కొని, వాటిని గుండ్రంగా తిప్పి, వీడియో తీసి పెట్టుకునే మనిషి ఉంటాడని ఎవరు నమ్ముతారు? ఆమె విన్నంతసేపూ విని, ఫోను మళ్లీ కొంగులో ముడేసుకుంది.

"అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఒకరి బోరు గురించి ఇంగొకరికాడ నోరిప్పే మనిషివి కాదు నువ్వు. మా అత్త కాలం నుంచీ చూస్తాండా. ఈ పొద్దు ఇప్పినావంటే ఏమో ఉండాది. ఎవురు చెప్పమన్న్యారు నీకు? మా ఇంటాయన దాయాదులేనా? ఈ తోట ఎండిపోతే సగం ధరకు కొందామని వాళ్లు కాసుకోని ఉండారు."

కాదని ఒట్టేశాను. బిడ్డల మీద వేశాను. ఒట్టు వేసేకొద్దీ ఆమెకు అనుమానం పెరగడం నా కళ్లతో చూశాను. అన్నేళ్లు నోరు కట్టేసుకుని సంపాదించిన పేరు, సరిగ్గా పనికి రావాల్సిన రోజున ఎదురు తిరిగింది. అదే నేను వాగుడుకాయనై ఉంటే, వీడు రోజూ ఏదో ఒకటి కూస్తాడులే, ఈసారి నిజమేమో అనుకునేదేమో.

అక్కడి నుంచి నేరుగా అతని దగ్గరికి పోయాను. భాయిని కూడా వెంట తీసుకుపోయాను, నా నోటికి అడ్డం ఉంటాడని. అయినా ఆగలేదు. నీ వీడియో చూసి ఒక ఆడమనిషి తోటను పందెం పెడుతోంది, పోయి నిజం చెప్పు అని అరిచాను. అతను మొదట నమ్మలేదు. నమ్మాక మొహం పాలిపోయింది. పోతానన్నాడు. నేను చూస్తుండగానే చొక్కా వేసుకుని ఆమె ఇంటి వైపు నడిచాడు.

మాపటేలకు భాయి విషయం తెలుసుకుని వచ్చాడు. ఆమె ఎదురొచ్చి కుర్చీ వేసిందట. కాఫీ ఇచ్చిందట. నీళ్లు పడిన చెయ్యి నీది, రేపు నా పాయింటు మీద టెంకాయ నువ్వే కొట్టాలప్పా అని అడిగిందట. ఎవరి ఇంట్లోనూ అతనికి కుర్చీ వేసి ఎన్నేళ్లయిందో. సరే వదినా అని వచ్చేశాడు.

"ఒప్పుకున్న్యాడా?" అన్నాను.

"కాఫీ తాగినాడన్నా," అన్నాడు భాయి.

మరునాడు పొద్దున్నే బోరు బండి వచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లందరూ తోటలోకి చేరారు. ప్రతివాడి చేతిలో ఫోను. నీళ్లు లేచే క్షణం తమ ఫోనులో పడాలని బోరు చుట్టూ జాగా కోసం తోసుకుంటున్నారు. పనిలేకపోయినా నేను వెళ్లాను. అతను టెంకాయ పట్టుకుని పాయింటు దగ్గర నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. ఆమె కొత్త చీర కట్టుకుంది. టెంకాయ కొట్టాడు, బండి మొదలైంది.

మొదట ఎర్రమట్టి వచ్చింది. తర్వాత తెల్ల దుమ్ము. బండి అరుస్తూనే ఉంది, దుమ్ము లేస్తూనే ఉంది. చీనీ ఆకుల మీద, పిందెల మీద, ఆమె కొత్త చీర మీద పడుతూనే ఉంది. పిండిమిల్లులో నిలబడినట్టు అందరం తెల్లబడిపోయాం. ఎత్తి పట్టుకున్న ఫోన్లు మెల్లగా కిందికి దిగాయి. కొందరు చెయ్యి నొప్పెట్టి, కొందరు ఇంక లాభం లేదని. దుమ్మును ఎవరు చూస్తారు?

అనుకున్న లోతు అయిపోయింది. బండి మనిషి ఆమె దగ్గరికి వచ్చి, "ఇంకా పోవాలామ్మా?" అని తన తమిళ తెలుగులో అడిగాడు. ఇంకా పోతే ఇంకా డబ్బు. ఆపితే మిగిలిన కాస్తతో నాలుగు ట్యాంకర్లయినా వస్తాయి. ఆమె కళ్లలోని దుమ్ము తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"నీకు ఎంత లోతులో తగిలినాయప్పా నీళ్లు? చెప్పు, ఇంగా పోదామా?"

అతను నా వైపు చూశాడు, భాయి వైపు చూశాడు. భాయి తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు అతను బండి దగ్గరికి పోయి, ఆపు, ఆపు అని రెండు చేతులూ ఊపాడు. మొదటి వీడియోలో ఎత్తినట్టే ఎత్తాడు చేతులు. ఇంజను ఆగింది.

"పోవద్దు వదినా. నా దాంట్లో నీళ్లు లేవు. ఎండిపోయినాది. నేను దినామూ పెట్టేది ట్యాంకరు నీళ్లు," అన్నాడు.

ఒక ఫోను లేచింది. దాని వెనక ఇంకోటి. దుమ్ము కొట్టుకున్న మొహంతో అతను ఏడవడం ఈసారి అందరి ఫోనుల్లోనూ పడింది. సాయంత్రానికి ఆ వీడియో నీళ్ల వీడియోకన్నా ఎక్కువ గ్రూపులు తిరిగింది. ఎవరో దాని వెనక ఒక పాట కూడా అతికించారు. నవ్వే బొమ్మలు కింద కుప్పలు. అతని అన్న అది చూశాడో లేదో నాకు తెలియదు. ఫోను మాత్రం చేయలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా.

ఆమె అతన్ని తిట్టలేదు. నన్నూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మిగిలిన డబ్బుతో కొన్నాళ్లు ట్యాంకర్లు తోలింది. ముందు పిందెలు రాలాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. చెట్టుకు ఒక బిందె పోసే స్థితికి వచ్చి, ఏ చెట్టుకు పొయ్యాలో ఏ చెట్టును వదిలెయ్యాలో తేల్చుకోలేక ఒకరోజు బిందె పట్టుకుని తోట మధ్యలో కూర్చుండిపోయిందని చూసినవాళ్లు చెప్పారు. వాన వచ్చింది, అన్నీ ఎండిపోయాక.

పిల్లలూ, జనం ఎందుకు ఊరికే ఇవన్నీ పెడుతుంటారని మీలో కొందరు పెద్ద మాటలు మాట్లాడడం విన్నాను. పిచ్చి అని, రోగం అని, దుడ్ల కోసమని. అయి ఉండొచ్చు. నేను చూసింది మాత్రం ఒకణ్ణే. వాడు పెట్టింది గొప్ప కోసం అనుకున్నాను, కాదు. దుడ్ల కోసం కానేకాదు, దుడ్లు పోగొట్టుకున్నాడు. వాడికి ఒక ఫోను కాల్ కావాలి. దాని కోసం నీళ్లు తిప్పాడు. అతన్ని మంచివాడని చెప్పను, ఒక తోట పోయింది. చెడ్డవాడని చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. ఇప్పుడు భాయి గులాబీ రోజూ చూస్తున్నాను. ఒకరోజు ఎండెక్కినా పువ్వు రాకపోతే నేనే ఫోను చేసి తిడతాను. చూస్తాండావా అన్నా, అని నవ్వుతాడు.

ఆ ఏడాది చివర్లో ఆమె నన్ను మళ్లీ పిలిచింది. పాత బోర్లోని మోటారు తీసెయ్యాలి, అమ్మేస్తోంది. ఆమె, భర్త కలిసి బెంగుళూరు పోతున్నారు, కట్టడం పనికి. చెట్లు అప్పటికే కొట్టేసి ఇటుక బట్టీలకు తోలేశారు. మొద్దులు మాత్రం వరుసగా ఉన్నాయి. నేను, భాయి మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి గొలుసు తగిలిస్తుంటే అతను గట్టు మీదుగా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చొక్కా విప్పి పక్కన పెట్టి పైపు పట్టుకున్నాడు. ఆమె చూసింది, వద్దనలేదు. ఒక్కో పైపూ పైకి వస్తుంటే విప్పి, మోసుకెళ్లి గట్టున పేర్చాడు.

మోటారు పైకి వచ్చాక ఆమె అందరికీ చెంబుతో నీళ్లిచ్చింది. అతనికీ ఇచ్చింది. అతను తాగాక చెంబు తీసుకుంటూ అడిగింది.

"ఆ వీడియో తీసేసినావా?"

"యాది వదినా?"

"మొదటిది. బోర్లో నీళ్లు పడిన దినం పెట్టినావే."

"అన్నీ తీసేసినా. అదొకటి తీయలే."

"ఎందుకు?"

అతను మొద్దుల వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు.

"దాంట్లోనన్నా నీళ్లుండాయి గదా వదినా," అన్నాడు.

ఆమె కోపంతో చెంబు విసిరేస్తుందనుకున్నాను. విసరలేదు. మోటారు మీద పడిన నీళ్లను కొంగుతో తుడిచి, దాని పక్కనే కూర్చుంది.

"ఏదీ, ఒకతూరి చూపీ," అంది.

అతను కాస్త దూరంగా కూర్చుని ఫోను ఆమె చేతికిచ్చాడు. ఇద్దరూ వంగి చూశారు. అయిపోగానే ఆమె మళ్లీ నొక్కింది. నేనూ భాయీ గొలుసు విప్పుతుంటే ఆ నీళ్ల చప్పుడు మాకు కూడా వినపడింది.